సోని చెప్పిన కాయ

రత్నాలు అంగన్‌వాడీ టీచరై పదకొండేళ్ళు. ఏ పిల్లకి ఒళ్ళు వెచ్చబడుతోందో, ఎవడు ఖాళీ కడుపుతో వచ్చాడో మొహం చూసి చెప్పేస్తుంది. సోని సంగతీ అలాగే పట్టింది. ఒకరోజు స్టీలు పళ్ళేల దొంతర దభేలున పడితే పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. నాలుగేళ్ళ సోని ఒక్కతే గోడ మీద చీమల్ని చూసుకుంటూ కూర్చుంది. దగ్గరికెళ్ళి భుజం తడితే తిరిగి చూసి "కాయ్?" అంది.

హుకుంపేట పైనున్న ఆ ఊళ్ళో ఇళ్ళల్లో మాట్లాడేది ఒరియా కలిసిన మాట. కాయ్ అంటే ఏమిటి అని. వినబడని పిల్లకి అంతకంటే అక్కరకొచ్చే మాట ఇంకేముంటుంది!

తల్లి సోములమ్మ ఒప్పుకుంటేగా. "ఊరంతా నా గుంటని సెవిటిదని కూసింది సాలు. నువ్వూ మొదలెట్టీసినావేటి టీచరమ్మా?" అని నెల్లాళ్ళు సోనిని కేంద్రానికే పంపలేదు.

ఇంతలో హుకుంపేటలో టీచర్లకి మూడు రోజుల శిక్షణ పెట్టారు. పసిపిల్లల్లో లోపాలు ముందే ఎలా కనిపెట్టాలి, ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి అని. ఆఖరి రోజు నిజం పిల్లల్ని తెచ్చి చూపిస్తారట. లోపం తేలితే పేరు ఫోన్లో ఎక్కుతుంది, విశాఖలో చెవి డాక్టర్లు చూస్తారు, మిషను ఇస్తారు. రత్నాలుకి ప్రాణం లేచొచ్చింది. సోములమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"ఒక్కసారి రావే. అక్కడ సూసే మేడమ్ ఏటంటే అదే. బాగుందంటే నానింక ఆ మాటెత్తను. నా పిల్లల మీద ఒట్టు."

ఆ ఒట్టే కొంప ముంచింది.

శిక్షణ ఇచ్చే మాధవి మేడమ్ మైదానం మనిషి, కొండ మాట రాదు. చెడ్డదని అంటే కళ్ళు పోతాయి. పిల్లల ఎదుట నేల మీద కూలబడి మరీ మాట్లాడే రకం. కాకపోతే మొదటి రోజే ఒక నియమం పెట్టింది: పిల్లని పరీక్షిస్తుంటే ఎవరూ మధ్యలో అందించకూడదు.

సోని వెనక ఎవరో చిన్న గంట మోగించారు. ఎదురుగా కూర్చున్న తల్లి కళ్ళు అటు తిరిగాయి. తల్లి కళ్ళని చూసి సోనీ అటే తిరిగింది. మేడమ్ సంతోషించి మామిడికాయ బొమ్మ చూపించింది.

"ఇదేంటి తల్లీ?"

"కాయ్?"

"శభాష్! కాయే!" ఈసారి వంకాయ చూపించింది.

"కాయ్?"

తర్వాత బంతి. దానికీ "కాయ్?" అంది. మేడమ్ ముచ్చటపడిపోయి, "గుండ్రంగా ఉంది కదా, కాయనుకుంది! చూశారా తెలివి? వినికిడీ మాటా రెండూ బాగున్నాయి" అని ఫోన్లో నొక్కేసింది.

రత్నాలు సగం లేచి, "మేడమ్, అది..." అనబోయింది. మేడమ్ నవ్వుతూ పెదాల మీద వేలు పెట్టింది. అక్కడున్న నలభైమందిలో సగంమందికి ఆ మాట తెలుసు. కానీ భోజనాల వేళైంది, ఒక్కరూ కిమ్మనలేదు. హాలంతా చప్పట్లు. పాడు చేతులు, రత్నాలువీ కలిశాయి.

భోజనాల దగ్గర అసలు సంగతి చెప్పేసరికి మేడమ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో! అప్పుడే చెప్పొద్దూ?"

"మీరే మాటాడొద్దన్నారు కదండీ."

ఫోన్ తీసి చూసింది. వివరాలు వెళ్ళిపోయాయి, దిద్దే వీల్లేదు. పైవాళ్ళకి ఫోన్ చేస్తే, బాగుందని మీరే రాశారుగా, మళ్ళీ ఆర్నెల్లకి చూద్దాం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా మేడమ్ వదల్లేదు. "తల్లి సరేనంటే సాయంత్రం నా బండిలో నేనే విశాఖ తీసుకెళ్ళి చూపిస్తాను, పద" అంది.

సోములమ్మ వసారాలో కూర్చుని కూతురికి బూందీ తినిపిస్తోంది. రెండేళ్ళలో ఆమె మొహాన అంత వెలుగు రత్నాలు చూడలేదు.

"ఇన్నావా టీచరమ్మా! నా గుంటకి తెలుగొచ్చీసింది."

"తెలుగు కాదే సోములమ్మా. ఏటి, ఏటి అని అడిగింది. దానికి ఇనబడక."

మేడమ్ కూడా పక్కన కూర్చుని, పొరపాటు తనదేనని బతిమాలింది. సోములమ్మ మొహంలో వెలుగు ఆరిపోయింది.

"పొద్దున్న బాగుందన్నారు, మజ్జానానికి బాగోనేదంటన్నారు. నలుగుర్లో సెప్పింది నిజమా, మూలకొచ్చి సెప్పింది నిజమా?" అని రత్నాలు వైపు తిరిగింది. "నువ్వు పిల్లల మీద ఒట్టేసినావు. సప్పట్లు కూడా కొట్టినావు. సూసినాను."

తల్లికి ముందు మంచిమాట చెప్పి, తర్వాత అసలు మాట చెప్పాలని మూడు రోజులు నేర్పారు. మంచిమాట ముందే చప్పట్లతో చెప్పేశాక ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. రత్నాలుకి ఏడుపొచ్చింది.

కొండ మీదికెళ్ళే జీపు వచ్చింది. సోములమ్మ పిల్లని చంకనేసుకుని గబగబా వెళ్ళి ఎక్కేసింది. రత్నాలు వెనకాలే పరుగెత్తి, గొంతు చించుకుని "సోనీ!" అని అరిచింది.

జీపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. సోని మాత్రం బూందీ ఏరుకు తింటోంది.

సోములమ్మ అది చూసింది. చూసి, పిల్ల గడ్డం పట్టుకుని మెల్లగా రత్నాలు వైపు తిప్పింది.

"కాయ్?" అంది సోని.

"అదిగో, పలికింది" అంది సోములమ్మ. జీపు కదిలిపోయింది.