మిడతలో ఒకటే సీటు

"అభి... అభినం... అభినందనలు!" అని అత్తగారు ముందుగదిలోంచి కేక పెట్టేసరికి, కోడలి చేతిలోని సబ్బు గిన్నె జారి తొట్టిలో పడింది.

కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయిన అత్తగారు ఫోన్‌ను బారెడు దూరంలో పట్టుకుని చదువుతోంది. రేసు క్లబ్బు వాళ్ళ సందేశం ఆవిడ ఫోన్‌కే వచ్చింది. కొడుకు ఫోను పోయిన వారమే పాత ఆయిలు పళ్ళెంలో మునిగి కన్నుమూసింది మరి.

"మీ కారుకి కొత్తవాళ్ళ విభాగంలో చోటు దొరికింది. ఎవరో తప్పుకున్నారట. శనివారం తనిఖీకి తీసుకురావాలి. నడిపేవాళ్ళ పేరు ఆ రోజే రాయించాలి, తర్వాత మార్చరు. అంతే. కింద ఏదో పువ్వు బొమ్మ ఉంది."

ఆ పువ్వు బొమ్మ చూడటానికి కోడలు ఆగితే కదా! తడి చేతులతోనే పెరటి షెడ్డులోకి పరిగెత్తింది.

"ఏవండీ! వచ్చేసింది! మనకి చోటొచ్చేసింది!"

కారు కిందనుంచి ఠంగుమని శబ్దం, ఆ వెంటనే "అబ్బా!" అని ఒక మూలుగు. తర్వాత బయటికి కనిపిస్తున్న రెండు పాదాలూ పడుకునే చిందులేయడం మొదలుపెట్టాయి.

పెళ్ళయి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో సగం వాళ్ళు ఈ కారులోనే కాపురం చేశారని చెప్పాలి. పాత ఇనుము వాడు ముక్కలు చేయబోతుంటే అడ్డుపడి, తూకం లెక్కన కొనుక్కొచ్చిన ఇరవై ఏళ్ళ చిన్న కారు అది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. స్టార్టు చేస్తే నిలబడిన చోటే రెండు గెంతులు గెంతుతుంది. అందుకని దానికి మిడత అని పేరు పెట్టుకున్నారు. హనీమూన్‌కి ఎక్కడికి వెళ్ళారే అని స్నేహితురాళ్ళు అడిగితే, "వెనక సీటు కిందికి" అని చెప్పి పకపకా నవ్వేది కోడలు. అబద్ధమేం కాదు. అక్కడ చప్పుడు రాకుండా కంపెనీవాళ్ళు అంటించిన తారు షీట్లని ఉలితో గీకి తీయడానికి ఇద్దరికీ పన్నెండు రోజులు పట్టింది.

రేసు కారుకి బరువే శత్రువు. అందుకని దాంట్లోంచి ఊడదీయగలిగిందల్లా ఊడదీశారు. ఊడినదేదీ వృథా కాలేదు. సిగరెట్ బూడిద వేసే డబ్బా ఆమె గాజులకి పెట్టె అయింది. లోపలి చిన్న అద్దం బొట్టు పెట్టుకోవడానికి గోడెక్కింది. వెనక సీటు ముందుగదిలో సోఫాగా స్థిరపడింది. దాని బెల్టులు ఇంకా దానికే ఉన్నాయి. అత్తగారు టీవీలో సీరియల్ చూసేటప్పుడు బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంటుంది. "ఆ కథలో ఎప్పుడు ఏమవుతుందో తెలీదమ్మా" అంటుంది.

కొడుకు లేతు మిషను మీద పనిచేస్తాడు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అమర్చుతుంది. మనిషి రెండు కనుపాపల మధ్య దూరాన్ని అర మిల్లీమీటరు తేడా రాకుండా కొలవగలదు. అందుకే అతను ఆమెని ముద్దుగా "అద్దాలూ" అంటాడు. ఆమె అత్తగారి ముందు అతన్ని "మీరు" అంటుంది. కారు కింద దూరినప్పుడు మాత్రం "నువ్వు"లోకి దిగుతుంది.

ఇంత సంబరంలోనూ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది.

సెలవు రోజుల్లో పొద్దున్నే ముగ్గురూ మిడతని గోదాముల వెనక ఉన్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళేవాళ్ళు. పాత టైర్లు పెట్టి మూడు మలుపులు కట్టేవాళ్ళు. అత్తగారు ముప్ఫై ఏళ్ళు బడిలో వ్యాయామం టీచరుగా చేసిన మనిషి. ఈలా, స్టాప్‌వాచీ ఆవిడవే. మొదటిసారి కొడుకు చుట్టి వచ్చాడు. నలభై ఎనిమిది సెకన్లు. సరదాకి కోడలు కూడా ఒక చుట్టు తిరిగింది. నలభై ఆరు. అత్తగారు వాచీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేదో అయినట్టుంది" అంది. తర్వాతి వారమూ దానికి అదే జబ్బు చేసింది. ఆ తర్వాతి వారమూ అంతే.

పదేళ్ళప్పటి నుంచీ అతను నోటు పుస్తకాల వెనక రేసు కార్లు గీశాడని కోడలికి తెలుసు. అట్టపెట్టెలో దాచిన ఆ పుస్తకాలన్నీ తనకి చూపించాడు కూడా. ఆ కల అతనిది. తనది మధ్యలో వచ్చిన ముచ్చట. అలా ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, దుకాణంలో అద్దం అరగదీస్తుంటే ఆమె కుడికాలు తనంతట తనే కిందికి నొక్కుతూ ఉండేది.

కబురు వచ్చిన గంటలో, అప్పటిదాకా వాడిన మామూలు సీటు ఊడదీసి రేసు సీటు బిగించే పని పెట్టుకున్నారు. మిగిలిన పెద్ద పని అదొక్కటే. రేసులు మానేసిన ఒకాయన దగ్గర కొన్న పాత సీటది. పెద్ద గిన్నెలా ఒకటే ముక్క. మామూలు కార్లలోలాగా ముందుకీ వెనక్కీ జరగదు. నేలకి నాలుగు రంధ్రాలు పొడిచి బోల్టులు వేస్తే, ఇక ఎవరి కొలతకి బిగించారో వాళ్ళదే.

ఎప్పటిలాగే అతను డ్రిల్లుతో కారు కిందికి దూరాడు. సీటు కదలకుండా బరువు కోసం ఆమె ఎక్కి కూర్చుంది.

"సరిపోయిందా?" అన్నాడు కిందనుంచి.

ఆమె కాళ్ళు చాపి పెడళ్ళు నొక్కి చూసింది. "ఇంకొంచెం ముందుకి... ఇంకాస్త... ఆఁ, ఇప్పుడు సరిపోయింది."

డ్రిల్లు గుర్రుమంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బోల్టులు పడ్డాయి. ఇద్దరూ కలిసి సీటుని ఊపి చూస్తే కారంతా ఊగింది గానీ సీటు కదల్లేదు. అతను ముఖం చాటంత చేసుకుని, కారు బోల్తా పడినా నలగకుండా లోపల బిగించిన ఇనప పైపుల మధ్యనుంచి దిగి కూర్చున్నాడు.

మోకాళ్ళు స్టీరింగుకి రెండు పక్కలా పైకి లేచి చెవుల దాకా వచ్చాయి.

 గుమ్మంలో నిలబడ్డ అత్తగారే ముందు తేరుకుంది. "ఒరేయ్, మిడత ఏదిరా, కారా నువ్వా?"

కోడలు నాలుక్కరుచుకుంది. ఊరందరి కళ్ళకీ కొలతలు తీసే తను, కట్టుకున్నవాడి కాళ్ళు మరిచిపోయింది! ఐదు నెలలుగా కింద ఉండేది అతను, పైన కూర్చునేది తను. ఆ అలవాటులో సీటు ఎవరి కోసమో ఇద్దరూ గాలికొదిలేశారు.

"ఏం పర్లేదులే." అతను మోకాళ్ళ మధ్యనుంచే అన్నాడు. "వెల్డరుని పిలుద్దాం. పాత రంధ్రాల మీద ప్లేట్లు అతికించి, వెనక కొత్తవి పొడుచుకుందాం. కొంచెం బరువు పెరుగుతుంది, అంతే. అమ్మా, నీ ఫోను ఇలా ఇవ్వు."

అత్తగారు ఫోను అందించింది. అతను నంబరు వెతకసాగాడు. అతని వేలు వెల్డరు పేరు దగ్గరికి వెళ్ళేలోగా చెప్పకపోతే, ఈ మాట ఇక జన్మలో బయటికి రాదని కోడలికి అనిపించింది. 

"ఆగు."

"ఏం?"

"నేను మరిచిపోయాననుకుంటున్నావు కదూ? ఒట్టి మరుపు కాదేమో అది. సరిపోయిందా అని నువ్వడిగినప్పుడు నీ కాళ్ళు నాకు గుర్తే లేవు. నా కాళ్ళకే చూసుకున్నాను. నాకు..." పైపు పట్టుకుని లోపలికి వంగింది. "నాకు నడపాలనుంది. శనివారం నా పేరు రాయించాలనుంది. ఇది నీ కల అని తెలుసు. తెలిసీ అడుగుతున్నాను."

 అతను కష్టపడి బయటికి దిగి, గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

"నా పుస్తకాలు చూశావుగా," అన్నాడు చివరికి. "ఎన్ని కార్లున్నాయి?"

"వందుంటాయి."

"వాటిలో ఒక్కదాంట్లోనైనా డ్రైవరున్నాడా?"

ఆమె గుర్తుచేసుకోబోయింది. ఈలోగా అత్తగారే అందుకుంది. "లేడు. కిటికీలన్నీ నల్లగా రుద్దేసేవాడు. నా పెన్సిళ్ళన్నీ వాటికే అయిపోయేవి."

"నాకు కారు తయారుచేయాలని కోరిక, అద్దాలూ. నడపడం కూడా దాంట్లో భాగమే అనుకున్నాను. కానీ ఆ మూడో మలుపు దగ్గర నా కాలు నా మాట వినదు, దానంతట అదే యాక్సిలరేటరు మీంచి లేచిపోతుంది. నువ్వు ఆ మలుపులోకి వెళ్ళేటప్పుడు ఇంజను ఎలా పాడుతుందో తెలుసా? నేను లోపల ఉంటే అది నాకు వినపడదు. బయట నిలబడితేనే వినపడుతుంది." కాస్త సిగ్గుగా నవ్వాడు. "ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. నీకేమో ఇష్టముందో, నా కోసం తిరుగుతున్నావో తెలీలేదు."

"ఇష్టముందా అని అడగొచ్చుగా!"

"నువ్వు చెప్పొచ్చుగా!"

"రేసు నంబరు మాత్రం నేనే రాస్తాను తలుపు మీద," అన్నాడు మళ్ళీ, బేరం కుదుర్చుకున్నవాడిలాగా.

"రాయి! పైకప్పు మీద కూడా రాయి!"

అప్పుడు అత్తగారు మెడలోని ఈల తీసి ఒక్క ఊపు ఊదింది. ఇద్దరూ ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డారు.

"రెండు సెకన్లు! మీ మొహమాటాల కోసం, బంగారం లాంటి నా వాచీకి లేని జబ్బు అంటగట్టి ఇన్ని వారాలు మోశాను. ఇంక నా వల్ల కాదు. అమ్మాయ్, ఆ నువ్వు నువ్వు అనడం బావుంది, అలాగే కానియ్యి. ఇన్నాళ్ళూ నా ముందు ఎందుకే ఆ నాటకం?"

కోడలి ముఖం కందగడ్డలా అయింది. అతను నవ్వాపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

ఆమె పైపుల మధ్యనుంచి లోపలికి దిగి సీటులో కూర్చుంది. కాళ్ళు పెడళ్ళ మీదికి వెళ్ళి, సొంత చెప్పుల్లో దూరినట్టు దూరాయి. హెల్మెట్ అందుకుని పెట్టుకుంది. అది అతని కొలతకి కొన్నది. తల ఇటు తిప్పితే హెల్మెట్ అటే చూస్తూ ఉండిపోయింది.

"ఇదొకటి మిగిలింది," అంది హెల్మెట్ లోపలినుంచి.

"సరే, వినండి ఇద్దరూ," అత్తగారు వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "రేపు పొద్దున్న ఆరింటికల్లా గోదాముల దగ్గరుండాలి, లారీలు రాకముందే. ఈ బుర్రతిరుగుడు హెల్మెట్‌తో వేగంగా వద్దు, సీటు కుదిరిందో లేదో చూడటానికి పది చుట్లు, మెల్లగా. నువ్వు మూడో మలుపు దగ్గర చెవులు పెట్టుకుని నిలబడరా. పదింటికి హెల్మెట్ కొన్న దుకాణం తెరవగానే దాన్ని మార్పించుకొస్తాం. ఈలోగా ఎవరైనా నా కళ్ళజోడు వెతికిపెట్టండి, రేపు వాచీ చూడాల్సింది నేను."