దానయ్య పెట్టని కేక

నేను ఒక క్యాసెట్టును. రెండు పళ్ళచక్రాలు, వాటికి చుట్టిన సన్నని ప్లాస్టిక్ పట్టీ, ఆ పట్టీ మీద పూసిన ఇనుప తుప్పు: ఇదీ నా వైభవం. తుప్పు అని నన్ను నేను కించపరచుకోవడం లేదు, రసాయన శాస్త్రం చెప్పే మాటే చెబుతున్నాను. మనుషులు నన్ను చేతిలోకి తీసుకుని, ఇందులో ఫలానా ఆయన గొంతు ఉంది అంటుంటారు. నాలో ఎవరి గొంతూ లేదు. ఒక గొంతు గాలిని కదిలించింది. గాలి మైకులోని పొరను కదిలించింది. ఆ కదలిక కరెంటుగా మారి, ఆ కరెంటు అయస్కాంత బలమై, నా మీది రేణువులను ఒక తీరుగా నిలబెట్టింది. జరిగింది అంతే. ఆత్మలతోనూ ఆవాహనలతోనూ నాకు పరిచయం లేదు.

అయినా పట్టపగలు, నడి గోదావరిలో, చనిపోయిన మనిషి నిండు పడవను ఆపాడని జనం నమ్మిన చోట నేనూ ఉన్నాను. ఆ నాటి దిగ్భ్రమ నుంచి నేను నేటికీ తేరుకోలేదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నా తోబుట్టువులు చాలామంది అచ్చోటనే సినిమా పాటలు, సుప్రభాతాలు నింపుకుని బయటికి వెళ్ళారు. నేను ఖాళీగా బయలుదేరాను. నన్ను కొన్నవారు రాజమండ్రిలో ఫిజిక్సు లెక్చరరు చయనులు గారు. పెద్ద మోతలో మాటలు ఎందుకు కలిసిపోతాయి, అయినా కొన్ని శబ్దాలు ఎలా మిగులుతాయి అన్నది విద్యార్థులకు చెవులతో తెలియజేయాలని ఆయన కోరిక. అందుకోసం ఒక శ్రావణమాసంలో టేపు రికార్డరును ఒళ్ళో పెట్టుకుని, పాపికొండల వైపు వెళ్ళే లాంచీ ఎక్కారు.

లాంచీ ముక్కు దగ్గర దానయ్య అనే మనిషి పొడవాటి వెదురు గెడ పట్టుకుని నిలబడి ఉండేవాడు. గెడను నీళ్ళలోకి దించి లోతు చూడటం, చూసినదాన్ని కేకవేసి చెప్పడం అతని పని. వెనక గదిలో పడవను తిప్పే చక్రం పట్టుకున్నవాడు అతని తమ్ముడు నూకరాజు. పడవ నడిపేవాణ్ణి ఆ నది మీద సరంగు అంటారు. అన్నకూ తమ్ముడికీ మధ్య డీజిలు ఇంజను ఉంది. అది మొదలైతే పక్కవాడి మాటే పక్కవాడికి వినబడదు.

"ఏం చెబుతున్నావయ్యా, నాకొక్క ముక్కా అర్థం కావడం లేదు" అన్నారు చయనులు గారు.

"ఈ మోతలో మాటెక్కడ ఇనపడుద్దండి" అన్నాడు దానయ్య. "పొడుగ్గా సాగదీత్తే గెడ అందలేదని, నీళ్ళున్నాయి పోనిమ్మని. తుంచి తుంచి పెడితే ఇసక తగిలేసింది, వెనక్కి లాగమని. మాటల్తో పనిలేదండి మాకు."

చయనులు గారి ముఖం వెలిగిపోయింది. ఆయన వెతుకుతున్నది సరిగ్గా ఇదే. దానయ్య పెట్టే దీర్ఘమైన "ఓ…" కేకలను వరసగా నా మీదికి ఎక్కించుకున్నారు. ఆ గొంతులో సన్నని జీర ఉండేది. కేక చివర నీటి మీద పడి జారిపోతున్నట్టుగా ఉండేది.

"ఇప్పుడా తుంపుల కేక కూడా ఒకసారి పెట్టు."

"ఇక్కడ నీళ్ళున్నాయి కదండి."

"ఉన్నా ఫర్వాలేదయ్యా. పిల్లలకు వినిపించడానికి, ఉత్తినే."

"నేనుత్తినే పెడతానండి, బానే ఉంది. మావోడు ఉత్తినే లాగడు కదండి, నిజంగానే లాగేత్తాడు" అని దానయ్య నవ్వాడు.

"పోనీ, ఒడ్డు చేరాక పెట్టు."

"అలవాటు చేసుకోకూడదండి. ఇయ్యాల ఒడ్డు మీద పెడతాను, రేపు సరదాకి పడవ మీద పెడతాను. ఎల్లుండి నిజంగా పెడితే మా తమ్ముడు నవ్వుకుంటా కూచుంటాడు."

చయనులు గారు మరి బలవంతపెట్టలేదు. అందుచేత నా మీద ఉన్నవన్నీ పొమ్మనే కేకలే. ఆపమనే కేక ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

చాలాకాలం నేను కాలేజీ ల్యాబులో పాఠం చెప్పాను. తరువాత చయనులు గారు రిటైరయ్యారు, ఆ తరువాత కాలం చేశారు. ఆయన కళ్ళద్దాలను భద్రపరిచిన వాళ్ళే నన్ను పాత చెప్పుల పెట్టెలో పడవేశారు. మనుషుల జ్ఞాపకాలకు ఒక క్రమం ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

పెట్టె తెరిచింది ఆయన మనవరాలు లాస్య. హైదరాబాదులో కంప్యూటరు మీద సంగీతం చేసే పిల్ల. నన్ను వాయించి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుంది.

"ఏం పాటే ఇది?" అంది పక్కనున్న స్నేహితురాలు.

"పడవవాళ్ళ పాటనుకుంటా. తాతయ్య రికార్డు చేశారు. ఆ జీర విన్నావా? మన సింగర్లు ఎంత కష్టపడినా అది రాదు."

అది పాట కాదని ఆమెకు చెప్పగలిగిన తాతగారు అప్పటికి లేరు. దానయ్య కూడా లేడు. ఒక వర్షాకాలంలో జ్వరం వచ్చి పోయాడు.

ఆపైన జరిగినదాన్ని చూసి నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. నా మీది కేక కంప్యూటరు తెర మీద కొండల వరసలా కనిపించింది. లాస్య అందులో ఒక కొండను ఎంచుకుంది. ఆ కొండలోంచి బియ్యపుగింజంత ముక్క కోసింది. ఆ ముక్కకు నకళ్ళు తీసి పక్కపక్కనే పరిచి, కింద డప్పుల మోత జతచేసింది. "ఓ… " అని సాగవలసిన ఊపిరి "ఓ, ఓ, ఓ, ఓ" అని తెగి తెగి పడింది. ఇలా పాత ధ్వనిలోంచి తీసుకున్న ముక్కను వాళ్ళు శాంపిల్ అంటారు. కత్తెర వేసింది దానయ్య ఊపిరికి, కాని నా ఒంటి మీద ఒక్క గీత పడలేదు. నాకు అదే మింగుడుపడలేదు. ఏదైనా తీసుకుంటే తీసిన చోట తరుగు కనిపించాలి కదా.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఇందులో తప్పేమీ లేదు. ధ్వనిని కోసి అతికించే విద్య కంప్యూటర్ల కంటే పాతది. నా జాతివాళ్ళ మీద బ్లేడుతోనే చేసేవారు. ఆ పిల్ల ఆ పనిని ఎంతో శ్రద్ధగా, ప్రేమగా చేసింది. పాట కూడా బాగుంది కాబోలు, పెళ్ళి ఊరేగింపుల్లో, కార్లలో, జిమ్ముల్లో మోగింది. వింటున్నది ఎవరి గొంతో తెలియకుండా ఇంతమంది ఎగరడం వింతగానే ఉండేది.

పాట కవరు మీదికి కొత్త బొమ్మ కావలసివచ్చింది. గోదావరి ముందు నన్ను పట్టుకుని ఫోటో తీయాలని లాస్య నిశ్చయించింది. నన్నూ, తాతగారి చిన్న క్యాసెట్ ప్లేయరునూ సంచిలో వేసుకుని, స్నేహితులతో కలిసి బుల్లబ్బాయి గారి టూరిస్టు పడవ ఎక్కింది.

ఆ పడవకు సరంగు నూకరాజు. ఇప్పుడు జుట్టు తెల్లబడింది. ముక్కు దగ్గర గెడ మనిషి లేడు. అతను నిలబడే చోట బుల్లబ్బాయి గారు ఆ ఉదయమే కొత్త స్పీకర్లు బిగించారు.

ఉప్మా పళ్ళేలు పంచుతున్నారు. పై అంతస్తులో పిల్లలు గంతులేస్తున్నారు. లాస్య పాట మొదలైంది. స్నేహితులు ఆమెను మధ్యకు లాగారు. డప్పు ఆగి, ఆ ముక్క ఒంటరిగా వచ్చే చోటు వచ్చింది.

"ఓ, ఓ, ఓ, ఓ."

కాళ్ళ కింద పడవ ఒక్కసారిగా ఉలిక్కిపడింది. నూకరాజు గేరు కర్రను పూర్తిగా వెనక్కి లాగేశాడు. పళ్ళేలు ఎగిరాయి. ఒక ముసలామె నుదురు ఇనుపస్తంభానికి కొట్టుకుని నెత్తురు కారింది. వెనక దగ్గరగా వస్తున్న మరో పడవ హారన్ కొడుతూ మీదికి వచ్చేసింది. దాని సరంగు ఆఖరి క్షణంలో పక్కకు తిప్పాడు. రెండు పడవల అంచులు రాసుకుని కీచుమన్నాయి. అవతలి పడవలోని మనుషుల కళ్ళు ఎంత దగ్గరగా కనిపించాయంటే, వాటిలో మా పడవ నీడ తెలిసింది.  దానయ్య గొంతు మాత్రం తెగి తెగి మోగుతూనే ఉంది. అది ఆగేవరకూ నూకరాజు కూడా వెనక్కి లాగుతూనే ఉన్నాడు. ఎవరో స్పీకరు తీగ పీకేశారు. అప్పుడు ఇంజను నెమ్మదించింది.

బుల్లబ్బాయి గారు సరంగు గదిలోకి వచ్చారు. "ఏం తాగావు నూకరాజూ?"

"నోరు వాసన చూసుకోండి. ఇసక తగిలిందని కేకేశారండి."

"ఎవరు?"

నూకరాజు పడవ ముక్కు వైపు చూశాడు. "మా అన్నండి."

వంటచేసే సూరిబాబు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఈ రోజు దానయ్య మావకి టికెట్టెవరిచ్చారు బాబూ? పైనుంచొచ్చేడంటే ఉప్మా కోసమే." ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు.

"నవ్వులాట కాదు నాయనా" అన్నాడు ప్రయాణికుల్లో ఒక పెద్దాయన. "గోదావరిలో ఇలాంటివి ఉంటాయి. శాంతి చేయించుకోండి." ముక్కు దగ్గర తెల్లగా ఎవరో నిలబడగా చూశామన్నవారు కూడా అప్పటికే ఇద్దరు తయారయ్యారు. దయ్యం పుట్టడానికి చీకటి అవసరమన్న నా అభిప్రాయాన్ని ఆ రోజున మార్చుకున్నాను. భయపడిన మనుషులు తగినంతమంది ఉంటే చాలు.

బుల్లబ్బాయి గారు నూకరాజు వైపు తిరిగారు. "దయ్యమో, మందో, నాకు తెలీదు. ఇందరి ప్రాణాలు పోయేవి. ఒడ్డు చేరాక దిగిపో. మళ్ళీ చక్రం ముట్టుకోకు."

"చక్రం వద్దంటే వదిలేత్తానండి" అన్నాడు నూకరాజు. "పిచ్చోణ్ణి మాత్రం అనొద్దు. నేనిన్నాను." ఆ మాట యజమానికి చెబుతున్నట్టు లేదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు ఉంది. వినలేదని తేలితే, ఇన్నేళ్ళూ ఇన్ని ప్రాణాలను నడిపించిన ఆ చెవి ఇక తనది కాదు.

లాస్య గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. "తాతగారూ, ఎలాంటి కేక? ఒకసారి పెట్టి చూపిస్తారా?"

"ఇక్కడ పెట్టకూడదమ్మా, నీళ్ళున్నాయి." ఆయన వేలితో చక్రం మీద తట్టి చూపించాడు. పొట్టిగా, గబగబా, ఎడం లేకుండా.

అది ఆమె పాట.  లాస్య సంచిలోంచి ప్లేయరు తీసి, నన్ను అందులో పెట్టి మీట నొక్కింది. నా చక్రాలు తిరిగాయి. పాత ఇంజను మోత మీదుగా దానయ్య కేక పొడవుగా, తెగకుండా సాగి, చివర జారింది.

నూకరాజు గోడకు ఆనుకున్నాడు. "మా అన్నే. కానీ ఇది పొమ్మనే కేకమ్మా. నేనిన్నది ఇది కాదు."

"ఇదే తాతగారూ. ఆ పాట నాదే. ఈ కేకనే ముక్క కోసి, పక్కపక్కన పెట్టాను. ఇది పాట అనుకున్నాను."

"గొంతునెలా కోత్తారమ్మా?"

ఆమె ఫోనులో పాటలోని ఆ చోటు వినిపించింది, చాలా తక్కువ ధ్వనితో. పడవ కదలకుండా నిలిచి ఉంది. తాను వింటున్నది చేతిలో ఇమిడే యంత్రమని నూకరాజుకు తెలుసు. అయినా ఆయన కుడిచెయ్యి లేచి గేరు కర్రను పట్టుకుంది. బుల్లబ్బాయి గారు చూశారు. సూరిబాబు చూశాడు. శాంతి చేయించమన్న పెద్దాయన కూడా చూశాడు. ఎవరికీ మరో రుజువు అక్కరలేకపోయింది.

"అయితే నీ చెవి బానే ఉందన్నమాట" అన్నారు బుల్లబ్బాయి గారు. "కూర్చో. నువ్వే నడుపు. ఆ పాట ఇక నా పడవలో మోగదు."

నూకరాజు ఆ మాట విన్నట్టు లేడు. లాస్య వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే ఆమెకు తేలికగా ఉండేది.

"మా అన్న బతికున్నంతకాలం ఆ కేక ఒక్కసారి కూడా అబద్ధానికి పెట్టలేదమ్మా. అందుకే నేను నీళ్ళకేసి చూడలేదు. ఆడు పోయాక పెట్టించేవు."

 ఊరు చేరగానే లాస్య పాటను తాను పెట్టిన చోట్లనుంచి తీసేసింది. కాని అప్పటికే ఇతరులు ఆ పాటలోంచి ముక్కలు కోసుకుని వేరే పాటల్లో పెట్టుకున్నారు. ఆ ముక్కలు ఇంకా పొట్టివి. కోసినవాళ్ళకు లాస్య పేరు కూడా తెలియదు. తిరిగి రమ్మని పిలవడానికి ధ్వనికి చిరునామా ఉండదు.

కొన్నాళ్ళకు లాస్య మళ్ళీ వచ్చి నన్ను నూకరాజు చేతిలో పెట్టింది. ఆయన నన్ను కళ్ళకు అద్దుకున్నాడు. నేను వట్టి తుప్పును అని చెప్పే వీలు నాకు లేదు. ఇప్పుడు సరంగు గదిలో, అద్దం కింద చెక్క మీద ఉంటున్నాను. నన్ను వాయించే యంత్రం ఇక్కడ లేదు. ఆయన అడగనూ లేదు.

జరిగినదంతా నూకరాజుకు క్షుణ్ణంగా తెలుసు. తోటి సరంగులకు చయనులు గారంత బాగా వివరిస్తాడు: దయ్యం లేదు, అన్న రాలేదు, యంత్రం గొంతును కోసింది అని. అయినా ఎదురుపడే పడవల్లో ఆ ముక్క ఉన్న పాటేదో మోగుతుంది. తెగిన కేక నీటి మీదుగా వచ్చి తగలగానే ఆయన కుడిచెయ్యి గేరు కర్ర మీదికి వెళుతుంది. దాన్ని ఆపడానికి ఎడమచెయ్యి వచ్చి ఆ మణికట్టును గట్టిగా పట్టుకుంటుంది. పాట దాటిపోయేవరకూ ఆయన అలాగే ఉంటాడు.

అంతసేపూ చక్రం మీద ఎవరి చెయ్యీ ఉండదు.