మొక్కజొన్న చేలో దిగిన పెట్టె

మిట్టమధ్యాహ్నం కసింద కలుపు తీస్తుండగా విమానం తలమీదుగా పోయింది. దాని కడుపులోంచి రాలిన పెట్టె తెల్లటి గుడ్డ గొడుగుకు వేలాడుతూ వచ్చి, మొక్కజొన్న కంకులను నలగ్గొట్టి చేలో పడింది.

ఊరంతా దూరంగా నిలబడి చూసింది. దక్షిణ సరిహద్దు అవతలి తెల్లవాళ్లు, ప్రభుత్వం మీద తిరగబడ్డ అడవిసేనకు పంపే తుపాకులవి. గాలికి దారితప్పి ఇక్కడ దిగాయి. అడవిసేన ముందు వస్తే, పెట్టె ఎవరు ముట్టారంటుంది. ప్రభుత్వసేన ముందు వస్తే, ఎవరు తెప్పించారంటుంది.

"ఎవరూ చెయ్యి పెట్టకండి. మనం చూళ్లేదు, అంతే," అన్నాడు ఊరిపెద్ద ఎపలంగ.

"సాయంత్రం ప్రభుత్వసేనకు తోడొచ్చిన క్యూబావాళ్ల విమానం తిరుగుతుంది పెద్దయ్యా. పైనుంచి ముందు కనబడేది ఈ గుడ్డే," అంది కసింద. "బాంబు పడ్డాక, చూళ్లేదని ఎవరికి చెప్పుకుంటాం?"

"నోరు తగ్గించవే," అత్త కసిరింది. "నీ నోటికి నా కొడుకు బలవుతాడు."

ఆ కొడుకు కపిన్యాల అప్పటికే చేలోకి నడిచాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ గుడ్డ చుట్టి, పెట్టెమీద ఆకులు కప్పారు. సాయంత్రం విమానం వచ్చింది. గాదె కింద బోర్లా పడుకున్న కసింద, దాని మోత సన్నగిల్లేదాకా ఊపిరి బిగబట్టింది. బాంబు పడలేదు.

మర్నాడు పొద్దున అడవిసేన దిగింది.

"గుడ్డ చుట్టిందెవరు?" అన్నాడు నాయకుడు.

"నేనే," అన్నాడు కపిన్యాల, కసింద నోరు తెరిచేలోగా.

"తెలివైనవాడివే. మోతకు పనికొస్తావు. ఎత్తు."

"ఎప్పుడు పంపిస్తారయ్యా?" అంది కసింద.

"గెలిచాక," అని నవ్వాడు నాయకుడు.

వాళ్లు వచ్చిపోయిన జాడ పట్టుకుని ప్రభుత్వసేన వచ్చింది. గాదెలు తగలబెట్టింది. ఊరు ఏరు దాటి గుడిసెలు వేసుకుంది. తిరిగొస్తే కపిన్యాలకు దారి తెలియదని కసింద కదలనంటే, అత్త చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది.

వానలు వెనకబట్టాక అతను వచ్చాడు, కుడి భుజం చీము పట్టి.

"పంపించారా?" అంది కసింద.

"పారిపోయొచ్చాను."

ఇక అతన్ని వెతికేది ఒక సేన కాదు, రెండు.

"జాంబియా వైపు పొండి," అంది అత్త. "నేను నడవలేను. నాకోసం ఆగారో, ముగ్గురం పోతాం."

అడవిదారుల్లో పడి, చివరికి సరిహద్దు దాటారు. అక్కడి శరణార్థుల శిబిరంలో కపిన్యాల భుజం మానింది. తమ వైపునుంచి కొత్తగా ఎవరొచ్చినా కసింద ఎదురువెళ్లి అత్త సంగతి అడుగుతుంది. ఆ ఏటి ఒడ్డున ఇప్పుడు మనుషులెవరూ లేరని వాళ్లంటారు. ఆ మాట ఆమె కపిన్యాలకు ఇంకా చెప్పలేదు.