ఎడమ చెయ్యి పొడుగు

...అసలు ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా ఒకటిన్నర అంగుళం పొడుగున్న కోటును కళ్ళున్నవాడెవడైనా, అందులోనూ సగం జీవితం కత్తెర పట్టినవాడు, ఒంటి మీద ఎలా వేసుకుంటాడు? పోనీ కళ్ళు మూసుకుని వేసుకున్నాడే అనుకుందాం, ఆ కాలరు సంగతేమిటి? అది కాలరులా లేదు, కూజా మెడలా ఉంది. పైగా జేబులకు మూతలు. జేబుకు మూతెందుకు, అందులో పాలు కాస్తారా?

వర్క్‌షాపు గోడకు మేకు మీద వేలాడుతున్న, నిప్పురవ్వలు ఒంటి మీద పడకుండా వేసుకునే ఆ కోటు ముందు నిలబడి కత్తెర బావ తనలో తాను ఇలా వాదించుకుంటున్నాడు. వాదించేవాడూ తనే, తీర్పు చెప్పేవాడూ తనే కాబట్టి పొద్దున్నుంచీ గెలుస్తూనే ఉన్నాడు. గెలిచిన సంతోషం మాత్రం ఎంతకీ రావడం లేదు.

ఎందుకంటే వర్క్‌షాపు యజమాని, అంటే అతని భార్యకు సొంత తమ్ముడు, పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. కోటు వేసుకుంటే టార్చి, లేకపోతే కుర్చీ. టీ వేళకి ఏదో ఒకటి చెప్పాలి.

టార్చి అంటే వెలుతురిచ్చే టార్చి కాదు. ప్లాస్మా కట్టరు చివర ఉండే పిడి. మీట నొక్కితే గాలీ కరెంటూ కలిసి నీలం మంటై, ఇనప పలకను కరిగించి చీల్చేస్తుంది. కుర్చీ అంటే వాకిలి పక్కన ఫోను దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళను రండి అనీ పోయేవాళ్ళను మంచిదండీ అనీ అనే ఉద్యోగం. బామ్మర్ది ‘కుర్చీ’ అనే మాట వాడలేదు. ‘ఆఫీసు చూసుకోండి బావా’ అని గౌరవంగానే అన్నాడు. కానీ కుర్చీల సంగతి కత్తెర బావకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అతనిది మొన్నమొన్నటిదాకా టైలరు షాపు, ఇంటి ముందుగదిలోనే. జనం రెడీమేడ్ బట్టలు మరిగాక కుట్టించుకునేవాళ్ళు తగ్గి తగ్గి, చివరికి చిరిగిన జిప్పులు పట్టుకొచ్చేవాళ్ళు మిగిలారు. ఆ చివరి ఏడాది కుట్టు మిషను కంటికి కనపడితే కడుపు మండుతోందని దాన్ని వెనక గదిలోకి నెట్టేసి, వాకిట్లో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళ భుజాలు కంటితోనే కొలిచేవాడు. ఈయనకు కుడి భుజం దిగింది. ఆవిడ జాకెట్టు వీపు దగ్గర ముడత పడింది. అడగని కొలతలు బుర్రలో పేరుకుపోయి రాత్రి నిద్ర పట్టేది కాదు. దానికి తోడు, ఎక్కడో దగ్గర్లోనే మధ్యాహ్నం పూట మిషను టకటకలాడుతూ ఉండేది. పక్కవీధిలో కొత్త టైలరు ఎవడో దిగాడనుకున్నాడు. వాడి మొహమైనా చూడలేదు గానీ వాడికి పనుందనీ తనకు లేదనీ కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. ఆ అద్దాలు పెట్టుకున్న, నోట్లో గుండుసూదులు పెట్టుకున్న, బొత్తిగా మర్యాద లేని టైలరు అతని కలలోకి కూడా వచ్చేవాడు.

అలాంటి మనిషిని భార్యే తమ్ముడితో మాట్లాడి వర్క్‌షాపుకి పంపింది. మొదటిరోజు టార్చి చేతికిచ్చి మీట నొక్కమంటే, ఇనుము గుడ్డలా విచ్చుకుంది.  ఏడాది తరవాత అతని చేతిలో ఏదో తెగింది.

అయితే పాత అలవాటు ఎక్కడికి పోతుంది. గీత గీసి కొయ్యమంటే, గీతకు చుట్టూ అరంగుళం వదిలి కోశాడు. కుట్టుకోసం అన్నమాట. పలకలన్నీ అరంగుళం పెద్దవయ్యాయి. అక్కడ పెద్ద వెల్డరు ఒకాయన ఉన్నాడు. నల్లద్దాలు టీ తాగేటప్పుడు కూడా తీయడు గనక అందరూ చీకటి మావయ్య అంటారు. ఆయన పలక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆ అరంగుళాన్నీ లోపలికి మడిచి హెమ్మింగు చేస్తావా అల్లుడూ అని అడిగాడు. కత్తెర బావ అనే పేరు ఆ రోజు పెట్టిందే. తన షాపులో తను ఎలాంటి సూట్లు కుట్టాడో, ఎవరెవరికి కుట్టాడో ఇతను చెప్పుకు పోతూ ఉంటే, మావాడు రెండు రకాల కోతలూ కోస్తాడు అని కూడా ఆయనే ప్రచారం చేశాడు.

నిజం చెప్పాలంటే తక్కిన జాగ్రత్తలన్నిటికీ కత్తెర బావ బుద్ధిగా లొంగాడు. మొదట్లో మొహానికి నల్లటి ముసుగు బరువనిపించి, మంట వెలిగే వేళకి కళ్ళు గట్టిగా మూసుకుని గుర్తున్నంత మేరకు కోసేవాడు. పలక మీద పాము పాకినట్టు వచ్చేది. బామ్మర్ది చూసి గుండె పట్టుకున్నాక ముసుగు అలవాటైంది. తోలు గ్లవ్సులు సరే. కరెంటు వెనక్కి పోయే ఎర్త్ క్లాంపు పలకకు బిగించందే మీట ముట్టుకోడు. టార్చి మొన మార్చాలంటే మిషను ఆపి, ప్లగ్గు పీకి, పీకిన ప్లగ్గును మరోసారి చూసుకుని అప్పుడు మారుస్తాడు. పొగ పోయే ఫ్యాను వెయ్యకపోతే చీకటి మావయ్యనే కేకలేస్తాడు. సిగరెట్ లైటరు జేబులో పెట్టుకుని వచ్చిన లారీ డ్రైవరును చెయ్యి పట్టుకుని బయట దిగబెట్టొచ్చాడు.

ఒక్క కోటు దగ్గరే అతని మనసు మొరాయించింది. ఎందుకో అతనికి లోలోపల తెలుసు, తెలియనట్టు ఉన్నాడు. అతను రోజూ వేసుకొచ్చేది మెరిసే మెరూన్ రంగు పాలిస్టర్ చొక్కా. షాపు మూసే ముందు తనకోసం తను కుట్టుకున్న ఆఖరి చొక్కా. చారలు జేబు దగ్గర కూడా తప్పకుండా కలుస్తాయి. దాని మీద ఆ సంచిలాంటి కోటు తొడిగితే, లోపలున్న టైలరు ఊపిరాడక పోతాడు. పోయాడని నలుగురికీ తెలిసిపోతుంది. ముందుగా తనకు తెలిసిపోతుంది.

నిప్పురవ్వలకు ఇంత కథ అక్కర్లేదు. నిన్న సాయంత్రం ఒక రవ్వ వచ్చి, ఫ్యాషనుగా పైకి మడిచిన ఎడమ చేతి మడతలో కూర్చుంది. పాలిస్టర్ మండేలోపే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కత్తెర బావ మీట వదిలేసి గెంతడం మొదలుపెట్టాడు. ముసుగులోంచి మాట బయటికి రాక ఉం ఉం అని మూలిగాడు. చీకటి మావయ్య ఆ నల్లద్దాల్లోంచి చూసి, అల్లుడు హుషారుగా ఉన్నాడనుకుని సుత్తితో డ్రమ్ము మీద తాళం వేశాడు. తాళానికి తగ్గట్టే ఇతని అడుగులు పడ్డాయి. బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు, కానీ ముందు మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళి, తరవాత నీళ్ళ బకెట్టుతో బావ దగ్గరికి వచ్చాడు. ముంజేతి మీద బొత్తాం అంత బొబ్బ లేచింది. దానికన్నా, బామ్మర్ది తన దగ్గరికి రాకుండా ముందు స్విచ్చి దగ్గరికి వెళ్ళాడన్నదే రాత్రంతా మండింది. పొద్దున అడిగేస్తే, కరెంటుండగా మీ మీద నీళ్ళు పోసి మా అక్కకు ఏమని చెప్పుకోను అన్నాడు. అంటూనే కోటూ కుర్చీ మాట ఎత్తాడు.

రాత్రి భార్య మందు రాస్తుంటే అతను కోటును ఏకిపారేశాడు. కుట్టినవాడికి కొలత రాదు, కత్తెర పట్టడం రాదు, వాడు దర్జీ కాదు, గోతాలు కుట్టుకునే రకం అన్నాడు. ఆమె ఊ కొడుతూ రాసింది. ఏ చెయ్యి పొడుగు అని మాత్రం అడిగింది. ఎడమ చెయ్యి అన్నాడు. అవునా అని దీపం ఆర్పేసింది.

ఇప్పుడు టీ వేళ దగ్గరపడింది. బల్ల మీద పలక సిద్ధంగా ఉంది. దాని మీద అతనే సుద్దతో గీసిన తీగ, ఆకులు, ఆకుల మధ్య మొగ్గలు. ఆసుపత్రి కిటికీకి బిగించాల్సిన జాలీ. తను కుర్చీలో కూర్చుంటే దాన్ని చీకటి మావయ్య కోస్తాడు. చీకటి మావయ్య చేతికి తిన్నటి గీతలు తప్ప రావు. తీగ కాస్తా నిచ్చెనవుతుంది.

కోటు లోపాలు అంగుళాలతో సహా బామ్మర్ది ముందు పెడితే వేరే కోటు తెప్పిస్తాడని ఆశ పుట్టింది. మెడలో టేపు తీసి కొలిచాడు. ఎడమ చెయ్యి ఒకటిన్నర ఎక్కువ, అనుమానం లేదు. లోపలివైపు తిప్పాడు. మందు పట్టించిన దళసరి నూలు గుడ్డ, నిప్పు అంటుకోదు. కుట్లు మాత్రం... కుట్లు బాగానే ఉన్నాయి. వేలితో తడిమాడు. ప్రతి కుట్టు చివరా దారం తెంపకుండా వెనక్కి తిప్పి, చిన్న ముడి వేసి, ముడిని గుడ్డలోకి దాచారు.

ఆ ముడి అతనికి తెలుసు. అతని చొక్కాలకు ఊడిన బొత్తాలు ఇంట్లో ఆ ముడితోనే అతుక్కుంటాయి. ముడి దాచడం దండగ పని అని అతనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. భార్య మిషను మీద కూర్చుంటానంటే సూది విరుగుతుందని కూర్చోనివ్వలేదు.

ఫోను చేశాడు. ఆవిడ ఎత్తింది.

“ఆ కోటు ఎవరు కుట్టారు?” అన్నాడు.

“ఎవడో గోతాలు కుట్టుకునేవాడన్నారుగా.”

 ఎప్పుడు కుట్టావన్నాడు.

“మీరు వాకిట్లో కూర్చుని రోడ్డు మీదవాళ్ళ భుజాలు చూసేవారే, అప్పుడు. మిషను ఖాళీగానే ఉందిగా. తమ్ముడు కావాలన్నాడు, కుట్టాను. వాణ్ణి చెప్పొద్దన్నాను.”

పక్కవీధి టైలరు, అద్దాలు తీసి, నోట్లోంచి గుండుసూదులు తీసి, అతని బుర్రలోంచి నెమ్మదిగా లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మర్యాదగానే వెళ్ళాడు.

“మిషను మోత వినిపించేది,” అన్నాడు కత్తెర బావ. “నేను ఇంకెవరో అనుకున్నాను.”

“ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే తెలిసేది.”

టైలరు కాబట్టి, మరి చెయ్యి ఎందుకు పొడుగైందని అడిగాడు. ఆవిడ నవ్వింది. “మీరు మనిషిని నిలబెట్టి కొలుస్తారండీ. తమ్ముడు నిలబడి పని చెయ్యడు. నేను వాడు వంగి కోస్తుండగా కొలిచాను.” పొయ్యి మీద ఏదో పొంగుతోందని పెట్టేసింది.

కత్తెర బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎంతమందిని కొలిచాడు జీవితంలో. ఊపిరి బిగపట్టండి, తిన్నగా నిలబడండి, చేతులు దించండి అని ఎంతమందికి చెప్పాడు. అలా నిలబడి ఎవరూ ఏ పనీ చెయ్యరని ఒక్కనాడూ తట్టలేదు.

మెరూన్ చొక్కా విప్పి మడతపెట్టి మేకు కింద బల్ల మీద పెట్టాడు. నూలు బనీను మీద కోటు తొడిగాడు. నిలబడి చూసుకుంటే వెక్కిరించినట్టే ఉంది. గ్లవ్సులు వేసుకుని పలక మీదికి వంగాడు. కుడి చేతిలో టార్చి, ఎడమ చెయ్యి ముందుకు చాచి పలక మీద ఆనించాడు. కోటు చెయ్యి జరజరా వెనక్కి జరిగి, సరిగ్గా గ్లవ్సు అంచు మీద ఆగింది. నిన్న బొబ్బ లేచిన చోటు కనబడకుండా పోయింది. రెండు చేతులూ సమానమయ్యాయి. జేబుల మూతలు కిందికి వాలి నోళ్ళు మూసుకున్నాయి.

టీ గ్లాసులతో బామ్మర్దీ, వెనకే చీకటి మావయ్యా వచ్చారు. బామ్మర్ది కోటును చూశాడు, బావను చూశాడు, అక్క ఫోను చేసిందా అని అడగబోయి మానేశాడు. చీకటి మావయ్య మాత్రం అద్దాలు నుదుటి మీదికి ఎత్తి మరీ చూసి, ఎంతైనా రెడీమేడ్ రెడీమేడే అల్లుడూ అన్నాడు.

“రెడీమేడ్ కాదు మావయ్యా, కొలిచి కుట్టింది,” అన్నాడు కత్తెర బావ.

“అయితే మెడ దగ్గర తెరిచి ఉందేం బావా? రవ్వ లోపలికి దూరితే మళ్ళీ డాన్సే,” అన్నాడు బామ్మర్ది.

చొక్కాకు పై బొత్తాం అందానికే గానీ పెట్టుకోవడానికి కాదని కత్తెర బావ తన షాపులో ఎన్నివేలసార్లు చెప్పి ఉంటాడో. పెట్టుకుంటే మెడ పట్టేస్తుందనీ, పెద్దమనిషి కాస్తా బళ్ళో పిల్లాడిలా కనబడతాడనీ చెప్పేవాడు. అతను కుడి చేతి గ్లవ్సు తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్ళతో మెడ దగ్గర తడుముకున్నాడు. కాజా బిగుతుగా, పొందిగ్గా ఉంది, చుట్టూ దారం ఒక్క పోగు కూడా లేవలేదు. గడ్డం కాస్త పైకెత్తి, పై బొత్తాం పెట్టుకున్నాడు.