పిట్ట రెక్క చుట్టూ కుట్లు

దర్జీ ఇంట్లో పుట్టిన పిల్లకి బట్టలో కన్నం కనపడితే చెయ్యి ఊరుకోదు. కోడలు కొంప ముంచుకున్నది అక్కడే.

అత్తగారు రంగుదారాలతో బట్టలోనే బొమ్మలు నేసే పనిలో పేరున్న మనిషి. వందల ఏళ్ళ నాటి పట్టు సంచి ఒకటి, మ్యూజియం వాళ్ళు గాజు పెట్టెలో పెట్టి ఆవిడకి అప్పగించారు. అరచేతిలో ఇమిడే సంచి, దాని మీద పసుపు రంగు మధ్య నీలం పిట్ట. దాన్ని చూస్తూ అచ్చం అలాంటిదే నేసి ఇవ్వాలి. నకలు మగ్గం మీద సగానికి పైగా వచ్చింది. అంతలో ఏదో ప్రదర్శన ఉందని, పాతదాన్ని ఆ సాయంత్రం వచ్చి పట్టుకెళతానని మ్యూజియం మేడం కబురు చేసింది.

"పెట్టె మూత తియ్యకు," అని చెప్పి అత్తగారు కళ్ళాసుపత్రికి వెళ్ళింది. ఎందుకు తియ్యకూడదో చెప్పలేదు. ఆవిడ ఏ సంగతీ ఒక పట్టాన విప్పే రకం కాదు. పెళ్ళై ఏడాది దాటినా కోడలికి దక్కిన పని కండెలకు దారం చుట్టడం, అంచున బొమ్మ లేని ఒకే రంగు బట్ట నెయ్యడం, అంతే.

కోడలు పెట్టె మీద దుమ్ము తుడుస్తూ లోపలికి చూసింది. పిట్ట రెక్క చుట్టూ సన్నని చీలికలు. 'అయ్యో, చిరిగిపోయింది! మేడం చూస్తే అత్తయ్య మీదకి వస్తుంది' అనుకుంది. మూత తీసింది. రంగు కలిసే పట్టుదారం ఏరి, పుట్టింట్లో నేర్చిన కనపడని కుట్టుతో చీలికలన్నీ మూసేసింది. పని కుదిరిన తీరుకి తనే మురిసిపోయింది. అత్తయ్య మెచ్చుకుంటుందని ఆశ కూడా పడింది, పిచ్చిపిల్ల.

ఆ ఉత్సాహంలోనే మగ్గం దగ్గర కూర్చుంది. ఈ నేతలో నేసేవాళ్ళ వైపు ఉండేది బొమ్మ వెనకభాగం. వేలాడే దారపు కొసలు తప్ప ఏమీ తెలియదు. ముందువైపు చూడాలంటే మగ్గానికి బిగించిన పడుగు దారాల అవతల చిన్న అద్దం పట్టుకోవాలి. కోడలు సరదాకి అత్తగారి అద్దం తీసి అవతల పెట్టింది. నకలు పిట్ట కనపడింది. దాని రెక్క చుట్టూ కూడా అవే చీలికలు, అచ్చం అవే చోట్ల.

అవి చిరుగులు కావు. రెక్కకి నేసే దారం తన హద్దు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది, ఒంటికి నేసే దారం అటునుంచి వచ్చి అక్కడే తిరుగుతుంది, రెండింటి మధ్యా సందు మిగులుతుంది. ఆ సందులో పడే నీడే రెక్కకి గీత. పరుగున వెళ్ళి పాత సంచిని చూసింది. రెక్క ఒంటికి అతుక్కుపోయి పిట్ట ముద్దలా ఉంది.

సూది మొనతో ఒక కుట్టు లేపింది. దాంతోపాటు పాత పట్టు పొడై రాలింది. సూది పక్కన పెట్టేసింది. విప్పితే సంచి దక్కదు, విప్పకపోతే పిట్ట దక్కదు. ఇక ఈ ఇంట్లో తనకి చోటుంటుందా అనుకుంది. వీధిలో ఏ బండి ఆగినా ప్రాణం పోయి వస్తోంది.

ముందు వచ్చింది అత్తగారు. గోడ తడుముకుంటూ లోపలికి అడుగుపెట్టింది.

"కళ్ళల్లో చుక్కలేశారు, రేపటిదాకా అంతా మసకేనట. సంచి బాగుందా అమ్మాయ్?"

బాగుందని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయింది.

"చీలికలు... చిరుగులనుకుని కుట్టేశాను అత్తయ్యా," అని బావురుమంది.

అత్తగారు కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. కోడలికి అదే ఇంకా హడలు పుట్టించింది.

"విప్పావా?"

"ఒక్కటే. పట్టు పొడైపోయింది."

"ఇంక ముట్టుకోకు. చీలికల సంగతి నీకు చెప్పనిది నేనేగా."

అంతలోనే మేడం వచ్చింది. భూతద్దం పెట్టి చూసింది. మొహం పాలిపోయింది.

"ఎవరు కుట్టారిది?"

కోడలు అత్తగారి వెనక్కి తప్పుకుంది.

"నేనే," అంది అత్తగారు. "చూపు ఆనక చిరుగనుకున్నాను. ఆసుపత్రి నుంచే వస్తున్నానండీ."

"ఇన్నేళ్ళ నమ్మకమండీ మీ మీద!" మేడం పెట్టె మూత పెట్టేసింది. "ఇక మా పని మీ చేత్తో వద్దు. నకలు మీ కోడలు పూర్తి చేస్తానంటే చేయనివ్వండి."

కోడలు నోరు తెరిచింది. నిజం చెప్పాలనే తెరిచింది. కానీ భయానికి "చేస్తాను," అన్న మాటే బయటికొచ్చింది.

మేడం పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. కోడలు అత్తగారి కాళ్ళ మీద పడింది.

"పరిగెత్తి నిజం చెప్పేసొస్తాను అత్తయ్యా."

"చెప్తే ఇద్దరికీ పని ఉండదు. లే. వెళ్ళి కూర్చో."

కోడలు మగ్గం ముందు కూర్చుంది. అత్తగారు తడుముకుంటూ వచ్చి పక్కన పీట మీద కూర్చుంది. ఆవిడ అక్కడ కూర్చోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు. కోడలి చేతిలో కండె గజగజలాడి పడుగుకి తగిలి టకటకమంటోంది, లోపలికి దూరడం లేదు.

"ఎందుకే అంత వణుకు?" అంది అత్తగారు, మసక కళ్ళు ఎటో నిలిపి. "ఇక నిన్ను తిట్టడానికి ఇది నా మగ్గం కాదుగా."