దేవుడి అర మీది పుడ్డింగు

మినోబె ఉమ్మిన పుడ్డింగులో, మాడ్చిన చక్కెర పాకానికీ రక్తానికీ మధ్య, సగానికి విరిచిన గడ్డం బ్లేడు తళుక్కుమంది.

ముందు ఎవరూ కదల్లేదు. అదీ నటనే అనుకున్నారు. వాళ్లు తీస్తున్న టీవీ సీరియల్లో మినోబె శవవాహనం నడిపే డ్రైవరు. ప్రతి అంత్యక్రియ తర్వాతా ఏదో ఒక మిఠాయి దుకాణంలో దూరతాడు. చెంచా నోట్లో పెట్టుకోగానే కళ్లు తేలేస్తాడు, కుర్చీతో సహా గాల్లోకి లేస్తాడు, మబ్బుల మధ్య క్రీము వానలో తడుస్తాడు. ఐదేళ్లుగా జపాను ఆ ముఖం చూసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఇప్పుడు ఆ డ్రైవరు తెల్ల గ్లవ్సుతో నోరు మూసుకుని మోకాళ్ల మీద కూలాడు. గ్లవ్సు మణికట్టు దాకా ఎర్రబడింది. చెయ్యి తీస్తే నాలుక చివర ఒక ముక్క వేలాడుతోంది.

అప్పుడు మేకప్ అమ్మాయి కెవ్వుమంది.

ఆ పుడ్డింగు చేసింది తొకునో ఫుమియె, తెచ్చి బల్ల మీద పెట్టిందీ ఆమే. ఇరవై మూడేళ్లుగా ఆమె పని కెమెరా ముందు తినే తిండి వండడం. ఆ పనివాళ్లు దాన్ని మాయమయ్యే సరుకు అంటారు. ఒక్కో షాటుకి ఒకే అచ్చులో దిగినట్టు అరడజనుకు తక్కువ కాకుండా చేసి పెట్టాలి. టేకు పాడైతే కొరికింది తీసేసి కొత్తది దించాలి. అవన్నీ ఉండే ఫ్రిజ్‌కి తాళం ఉంటుంది. తాళంచెవి ఫుమియె మెడలోనే ఉంటుంది.

మినోబెను పక్క వీధిలోని పళ్ల డాక్టరు దగ్గరికి మోసుకెళ్లారు. డైరెక్టర్ ఉట్సుమి ఆ బ్లేడు ముక్కను చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. నాలుక్కి ఏడు కుట్లు పడ్డాయనీ, పెద్దాసుపత్రికి వెళ్లమంటే వినకుండా స్టూడియోకే తిరిగొచ్చాడనీ ముప్పావుగంటకి కబురొచ్చింది. ఆ కబురు వెనకాలే వంటగది తలుపు తన్నుకుని సరుహాషి వచ్చాడు.

సరుహాషి మినోబె మేనేజరు. ఒకప్పుడు జూడో ఆడినవాడు, మెడ లేని మనిషి.

"ఫుమియె-సాన్, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే."

"ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"లేదు."

"అయితే నీతో ఇంకా మర్యాదగా మాట్లాడాలా?" అని చెంప మీద కొట్టాడు. ఆమె వెళ్లి గిన్నెల అర మీద పడింది. ఇత్తడి అచ్చులు గలగలా నేల మీద దొర్లాయి. "చెప్పవే ముసలిదానా, ఎవడు పెట్టించాడు? పక్క చానెల్ వాడా?"

ఫుమియె నోట్లో ఉప్పగా ఊరింది. నిజం ఆమెకు తెలుసు, సగం వరకే. ఆ బ్లేడు పుడ్డింగు ఫ్రిజ్‌లోది కాదు.

పొద్దున ఆమె ఏడు చేసింది. మొదటిది ఎప్పటిలాగే సెట్టు మూలనున్న దేవుడి అర మీద పెట్టింది. సాయంత్రం ప్యాకప్ అయ్యాక దాన్ని దించితే, మినోబె తన గదికి తీసుకెళ్లి ప్రసాదంగా ఒక్కడే తింటాడు. మొదటి ఎపిసోడు నుంచీ ఇదే ఆనవాయితీ. కానీ ఇవాళ మినోబెకు నవ్వే రాలేదు. రెండు టేకులు దాటి ఎరుగని మనిషి ఆరు పాడు చేశాడు. "ఇంకోటి తే!" అని డైరెక్టర్ ఉట్సుమి అరిచేసరికి ఫ్రిజ్ ఖాళీ. ఫుమియె అటూ ఇటూ చూసి, దేవుడికి ఒక్క నమస్కారం పెట్టి, అర మీదిది దించి పళ్లెంలో పెట్టేసింది.

చెప్తే, షూటింగ్ సగంలో దేవుడి ముందున్నది లాక్కొచ్చిన మనిషి అవుతుంది. ఆమెను మళ్లీ ఏ సెట్టుకీ పిలవరు. చెప్పకపోతే తాళంచెవి ఉన్న మనిషి అవుతుంది. ఆ దారి పోలీసు స్టేషనుకే.

సరుహాషి ఆమె కుడిచెయ్యి పట్టి ఫ్రిజ్ అంచు మీద ఆనించాడు.

"ఈ చేత్తోనేగా పుడ్డింగులు తిప్పేది?"

"వద్దు, సరుహాషి-సాన్..."

ఫ్రిజ్ తలుపు వేశాడు. ఎండిన వెదురు విరిగినట్టు రెండుసార్లు చప్పుడైంది. ఫుమియె అరుపు సెట్టు దాకా వినబడింది.

"అది ఫ్రిజ్‌లోది కాదు! దేవుడి అర మీదిది! నేనే దించాను!"

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఉట్సుమి ఆ మాట విని నిలబడిపోయాడు. బ్లేడు చూసినప్పుడు కూడా అతని ముఖం అంత పాలిపోలేదు.

"దేవుడిది దించావా? నడిమధ్యాహ్నం? కెమెరా కోసమా?"

"మీరే తెమ్మన్నారు కదా, డైరెక్టర్‌గారూ."

"నేను పుడ్డింగు తెమ్మన్నాను. శాపం తెమ్మనలేదు."

"ఇప్పుడు దేవుడి మీదికి తోస్తోంది చూడండి," అని సరుహాషి ఆమె డొక్కలో తన్నాడు.

ఉట్సుమి అతన్ని ఆపాడు. జాలితో కాదు. "చాలు. ముఖం మీద మచ్చలు పడితే బయటివాళ్లకి ఏం చెప్తాం? ఫుమియె-సాన్, విను. మినోబె-సాన్ గదిలో ఉన్నాడు. వెళ్లి నేలకి నుదురు ఆనించి క్షమాపణ అడుగు. ఆయన తల ఊపితే ఇంటికి పో, మళ్లీ రాకు. ఊపకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

ఫుమియె లేచింది. బ్లేడు తనది కాదు. కానీ దించింది తనే, అతని ముందు పెట్టిందీ తనే. అందుకు నుదురు ఆనించడానికి ఆమెకు అభ్యంతరం లేదు.

మినోబె గది వంటగదికి ఆనుకునే ఉంది, మధ్యలో చెక్క గోడ. అతను చాప మీద, పొట్టి అద్దం బల్ల పక్కన కూర్చుని ఉన్నాడు. నోటి నిండా దూది, చొక్కా నిండా ఎండిన రక్తం. వీళ్లను చూసి ఉలిక్కిపడ్డాడు. ప్లకార్డుల కట్ట చంకలో పెట్టుకున్న ఫ్లోర్ అసిస్టెంటు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఫుమియె మోకరిల్లి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వంగింది.

"ఇంకా కిందికి," అని సరుహాషి ఆమె మెడ మీద కాలు పెట్టి నొక్కాడు. ఆమె ముక్కు చాపకు ఆనింది. చెంప నేలకు అంటుకుంది.

మనిషి ఎప్పుడూ చూడని చోటు ఆ ఎత్తు నుంచి కనిపిస్తుంది. అద్దం బల్ల కింద, గోడ వారగా, చించిన కాగితపు తొడుగు ఒకటి పడి ఉంది. అందులోంచి సగం బ్లేడు బయటికి తొంగిచూస్తోంది.

ఫుమియె క్షమాపణ మాట మింగేసింది. ఎడమచెయ్యి చాచి దాన్ని లాగి చాప మీద పెట్టింది.

"డైరెక్టర్‌గారూ, మీ జేబులోది తీయండి."

ఉట్సుమి చేతిరుమాలు విప్పి బ్లేడు ముక్కను దాని పక్కన జరిపాడు. విరిగిన అంచులు రెండూ పై పళ్లూ కింది పళ్లూ కలిసినట్టు కలిశాయి.

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది, సరుహాషి-సాన్?" అని అడిగింది ఫుమియె, నేల మీది నుంచే.

సరుహాషి మినోబె వైపు చూశాడు. అందరికంటే ముందు అతనికే అర్థమైంది. ఒక్క అంగలో వెళ్లి పిడికిలితో ఆ కుట్లు వేసిన నోటి మీద గుద్దాడు. దూది ఎగిరి అద్దానికి అంటుకుంది. మినోబె వెల్లకిలా పడ్డాడు. సరుహాషి అతని ఛాతీ మీద కూర్చుని గొంతు పట్టాడు.

"ఒప్పందం ఇంకా రెండేళ్లుందిరా! నువ్వు రెండేళ్లు తింటావని చానెల్‌కి మాటిచ్చాను! నా తల ఎక్కడ పెట్టుకోను?"

మినోబె మడమలు చాప మీద టపటపా కొట్టుకున్నాయి. ఉట్సుమి "ఆగు, ఆగు" అంటున్నాడే కానీ దగ్గరికి పోలేదు. మినోబె పెదాలు నీలంగా మారుతున్నాయి. ఫుమియె మూలన మరుగుతున్న టీ నీళ్ల కెటిల్ ఎడమచేత్తో ఎత్తి, మూత మోచేత్తో తోసేసి, సరుహాషి మెడ మీద మొత్తం కుమ్మరించింది.

అతను పెట్టిన కేకకి లైట్‌మెన్ పరిగెత్తుకొచ్చారు. ముగ్గురు పట్టి బోర్లా పడేసి అతని వీపు మీద కూర్చున్నారు. చర్మం పొరలుగా లేచిన మెడతో అతను ఇంకా బూతులు తిడుతూనే ఉన్నాడు.

మినోబె దగ్గుతూ లేచి కూర్చున్నాడు. గడ్డం మీదుగా రక్తం కారుతోంది. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఫ్లోర్ అసిస్టెంటు వైపు చెయ్యి చాచాడు. ఐదేళ్లుగా అతను మరిచిపోయిన డైలాగులు రాసి చూపించిన ప్లకార్డులవి. ఆమె కట్టా మార్కరూ ఇచ్చింది. అతను ఒక్కో ప్లకార్డూ రాసి, ఫుమియె వైపు తిప్పి పట్టుకున్నాడు.

"బ్లేడు పెట్టింది నేనే.

పొద్దున అందరిలాగే మొక్కుతూ దేవుడి ముందు రెండు చప్పట్లు కొట్టి, కళ్లు మూసుకున్నట్టు నిలబడి గుచ్చాను. మొక్కుకునేవాడి చేతులు ఎవరూ చూడరు.

అది నేనొక్కడినే తింటాను. సాయంత్రం ఈ గదిలో కొంచెంగా కోసుకుందామనుకున్నా. నోరు తెగితే తినమనరు కదా.

నా నాలుక్కి తీపి రుచి తెలియక ఏడాదైంది. చక్కెర జబ్బుకి ఎడమ పాదంలో రెండు వేళ్లు తీసేశారు. ఇక తినలేనని పోయిన నెల చెప్పా. ఇతను నా ఛాతీ మీద కూర్చుని తొమ్మిది బియ్యప్పిండి ఉండలు గొంతులో కుక్కాడు.

మీరు దాన్ని దించుతారనుకోలేదు. అలా ఎవరూ చేయరు.

డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చింది ఆ మిగతా ముక్క పారేయడానికి. ఎంత వెతికినా కనబడలేదు. మీరు అరిచినప్పుడు ఈ గోడ ఇవతలే ఉన్నాను. మీ వేళ్లు విరిగిన చప్పుడు రెండుసార్లూ విన్నాను.

నాలుకే తెగింది. చేతులు బాగానే ఉన్నాయి. అప్పుడే వచ్చి రాసి చూపించగలిగేవాణ్ణి. మిమ్మల్ని పంపించేస్తే గొడవ పోతుందనుకుని కూర్చున్నాను."