తిరిగి వస్తుందన్న పూచీ

రంగూన్‌లో కాపురముంటున్న కూతురు శివపార్వతికి ఏడో నెల వచ్చిందని తెలిసిన రోజునే రావమ్మ ప్రయాణానికి సిద్ధమైంది. పూర్వమైతే మద్రాసులో టిక్కెట్టు కొనుక్కుని ఓడ ఎక్కేసేవారు. ఇప్పుడు బర్మా స్వతంత్ర దేశమైంది. చుట్టపుచూపుగా వెళ్ళాలన్నా అనుమతి కావాలట. అందుకని ఆమె, భర్త మార్కండేయులు చల్లపల్లిలో బస్సెక్కి, బెజవాడ గవర్నర్‌పేటలో ప్లీడరు గుమాస్తా సాంబమూర్తి దగ్గరికి వచ్చారు.

ఫోటో తీయించారు. శివపార్వతి ఆమె కూతురేనని మునసబు రాసిచ్చాడు. తన ఇంట్లోనే ఉంచుకుంటానని అల్లుడు కాగితం పంపాడు. ఇక మిగిలింది, మూడు నెలల్లో ఆమె తిరిగి వస్తుందని భర్త ఇచ్చే పూచీ.

"ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడు సాంబమూర్తి.

మార్కండేయులు కలం అందుకుని ఆగిపోయాడు. నేతలో ఒక్క పోగు తప్పినా విప్పి మళ్ళీ నేసే మనిషి. తెలియని సంగతికి సంతకం పెట్టడం ఆయన వల్ల కాలేదు.

"వస్తుందో రాదో నాకెట్టా తెలుస్తుందండీ?"

"అదేం మాటండీ?" అంది రావమ్మ.

"పెళ్ళైన కొత్తలో పది రోజులని పుట్టింటికెళ్ళి నాలుగు నెలలకి రాలా?"

"మా అమ్మకి జ్వరం."

"జ్వరం వారానికే తగ్గింది. నువ్వు మావిడిపళ్ళు అయిపోయాక వచ్చావు."

"అయ్యా, ఇది అందరూ పెట్టే సంతకమే," అన్నాడు సాంబమూర్తి.

"వాళ్ళ ఆడవాళ్ళు చెప్పిన రోజుకి వచ్చేవాళ్ళేమోనండీ."

రావమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. సాంబమూర్తి నిట్టూర్చి, "పోనీ, మీకు తెలిసిందే చెప్పండి, రాస్తాను," అన్నాడు.

మార్కండేయులు కలం కింద పెట్టాడు. "వస్తానని ఆవిడంటోంది. రాకపోతే నేనెళ్ళి తీసుకొస్తాను. అంతవరకూ రాయండి."

అలాగే రాసి బర్మా సర్కారుకి పంపారు. నెల తిరిగాక జవాబు వచ్చింది: భర్త కూడా వచ్చేటట్లున్నాడు గనుక ఆయన కాగితాలూ జతచేయవలెను.

మళ్ళీ బస్సు, మళ్ళీ ఫోటో, మళ్ళీ మునసబు. ఈసారి భర్తకు పూచీ భార్య ఇవ్వాలి. సాంబమూర్తి భయపడుతూనే కలం అందించాడు. రావమ్మ టకటకా సంతకం పెట్టేసింది.

"చదివి వినిపించమంటారా అమ్మా?"

"ఎందుకండీ. ఈయన మగ్గం వదిలి నాలుగు రోజులుండలేడు. నన్నూ ఉండనివ్వడు."

మార్కండేయులు కండువాతో మొహం తుడుచుకున్నాడు. కోపమో సంతోషమో సాంబమూర్తికి తెలియలేదు.

వాళ్ళు రంగూన్‌లో ఓడ దిగేసరికి మనవడు బోర్లా పడుతున్నాడు. పురిటికి అందలేదని రావమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని, పిల్లాణ్ణి చంకనెత్తుకున్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గడువు దగ్గరపడగానే పెట్టె సర్దింది తనే. మార్కండేయులు మాత్రం మనవణ్ణి భుజాన వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళాడు. అల్లుడు రెండుసార్లు పిలిచినా వినపడనట్టే ఉన్నాడు. మూడోసారి రావమ్మే వెళ్ళి వెనక్కి తీసుకొచ్చింది.